రెండింటి నుంచి రెండింటి దాకా

"ఎంత హాయిగా ఉందో కదూ," అన్నాడు భర్త, బాల్కనీ కుర్చీలో కాళ్ళు బారజాపుకుని సముద్రం వైపు చూస్తూ. అవునన్నట్టు తలూపి ఆమె అతని మేజోళ్ళు పిండింది. గదిలోని సింకు ఎంతో లేదు, పెద్దమనిషి టోపీ అంత. అందులో ఒకసారికి ఒక జత మేజోళ్ళో, పాప గౌనో, మామగారి బనీనో, ఏదో ఒక్కటే పడుతుంది. ఓడలో బట్టలుతికేవాళ్ళున్నారు. సంచిలో వేసి తలుపు దగ్గర పెడితే సాయంత్రానికి మడతలతో సహా వస్తాయి. కానీ ఓడెక్కిన రోజే అత్తగారు తేల్చేశారు, "ఇంట్లో మనిషి ఉండగా బయట ఉతికించుకోవడమేంటి?" అని. ఇల్లెక్కడో ఉండిపోయింది, నేల కనపడక మూడు రోజులైంది. మనిషి మాత్రం వెంటే వచ్చింది.

ఆమెకి కృతజ్ఞత లేక కాదు. నిజానికి అదే ఎక్కువ. వంద రోజుల ప్రయాణం. మామగారు ఉద్యోగం నుంచి రిటైరైన సంతోషంలో అందరినీ ఓడెక్కించారు. చుట్టాలు "కోడల్ని కూడానా" అని ముక్కున వేలేసుకుంటే, "మరి పాపనెవరు చూస్తారు?" అన్నారు అత్తగారు. ఆ మాట చెవిన పడినా ఆమె బాధపడలేదు. ఏ కారణానికి తెస్తేనేం, వచ్చింది. వాకిలి దాటితే బజారు, బజారు దాటితే ఆసుపత్రి, అంతవరకే తెలిసిన మనిషి రోజూ పొద్దున్నే తెర తీసి అవతలి ఒడ్డు లేని నీళ్ళు చూస్తోంది. చూసినప్పుడల్లా గుండె నిండిపోయేది. మరుక్షణమే రెండేళ్ళ పాప బాల్కనీ కమ్మీల సందులోంచి జారిపోయినట్టు కళ్ళకు కట్టేది. అందుకే పాప గౌను అంచు ఎప్పుడూ ఆమె గుప్పిట్లోనే ఉండేది.

అలవాటు చెప్పుల్లాంటిది కాదు, గుమ్మంలో విడిచి రావడానికి. రోజూ తెల్లారగానే పక్కలు సర్ది, దుప్పట్లు మడిచి, సింకు తోమి, అద్దం తుడిచి, ఆ తరవాతే గది శుభ్రం చేసే మనిషికి తలుపు తీసేది. ఆవిడకి నలభై ఏళ్ళుంటాయి. పోతూ పోతూ తువ్వాళ్ళు మడిచి రోజుకో జంతువుని చేసి మంచం మీద కూర్చోబెట్టేది. ఒకరోజు ఏనుగు, ఒకరోజు కొంగ. పాప ఆవిడకి తువ్వాలత్త అని పేరు పెట్టేసింది. అయిదో రోజున తువ్వాలత్త గుమ్మంలోనే ఆగిపోయి, నా పనిలో ఏమైనా తేడా ఉందా, పైవాళ్ళకి చెప్పారా అని మెల్లిగా అడిగింది. ఆమె బిత్తరపోయింది. చెదిరిన గది పరాయి మనిషికి చూపించాలంటే సిగ్గేసి సర్దుతున్నానని చెప్పింది.

"సర్దిన గది మళ్ళీ సర్దాలంటే నాకు మాత్రం సిగ్గేయదా, అమ్మాయ్?" అని నవ్వింది తువ్వాలత్త.

మర్నాడు ఆమె ఏమీ ముట్టుకోకుండా కుర్చీలో కూర్చుంది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ దుప్పటి దులిపి పరిచి, మూలలు బిగించి పరుపు కిందికి దోపుతుంటే, పెళ్ళయ్యాక తన కోసం ఇంకొకరు పక్క వేయడం ఇదే మొదటిసారి కదా అనిపించింది. కళ్ళు చెమర్చాయి. పాప వంక పెట్టుకుని తల తిప్పుకుంది.

ఈ ఓడలో ఒక వింత ఉంది. నాలుగు రోజులకోసారి గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. మధ్యాహ్నం రెండు కొట్టగానే మైకులో చెబుతారు, ఇప్పుడు మళ్ళీ ఒంటిగంట అని. మామగారు మాత్రం తన చేతి గడియారాన్ని ఎవర్నీ తాకనివ్వరు. ముప్ఫయ్యేళ్ళు ఫ్యాక్టరీలో హాజరు వేసినవాణ్ణి, నీళ్ళు చెప్పాయని టైము మార్చుకుంటానా అంటారు. అలా అని తన టైముకే బయల్దేరి, భోజనాల హాలు ఇంకా తెరవని తలుపు ముందు నిలబడి అందర్నీ తిట్టుకుంటారు. మిగిలినవాళ్ళు ఆ అదనపు గంట హాయిగా కునుకు తీశారు. ఆమె రెండుసార్లూ ఉతుక్కుంది.

తొమ్మిదో రోజున తువ్వాలత్తని అడిగింది, ఆ గంట మీకు సెలవేనా అక్కా అని.

"మాకెక్కడి సెలవు? గడియారం వెనక్కి తిరుగుతుంది, మా డ్యూటీ తిరగదుగా. ఆ రోజు ఒక గంట ఎక్కువ చాకిరీ, అంతే. మీకైతే ఊరికే వచ్చింది. నిన్న నువ్వేం చేశావేంటి?"

"బట్టలుతికాను."

తువ్వాలత్త చేతిలో సగం మడిచిన కుందేలు ఆగిపోయింది. "నా పిల్లల్ని చూసి ఏడు నెలలైంది. నాకెవరైనా ఆ గంట ఇస్తేనా..."

"ఇస్తే ఏం చేస్తావక్కా?"

"ఏమో. ముందు తీసుకుంటాను," అంది ఆవిడ, కుందేలు చెవులు నిలబెడుతూ.

పదకొండో రోజు సాయంత్రం తలుపు కింద నుంచి రోజూ వచ్చే కాగితం వచ్చింది. రేపు రెండింటికి గడియారం వెనక్కి. ఆ గంటలో పై అంతస్తు హాల్లో ఓడ అధికారిణి పటం చూపించి మన దారి గురించి చెబుతారు, ఎవరైనా రావచ్చు. ఆమె ఆ కాగితం నాలుగుసార్లు చదివింది. తొమ్మిదో తరగతిలో రేఖాంశాల పాఠం సెలవుల తరవాత మొదలుపెడతానన్నారు టీచరు. ఆ సెలవుల్లోనే నానమ్మ మంచాన పడింది. ఆడపిల్ల ఇంట్లో ఉంటే చేతిసాయం అన్నాడు నాన్న. సెలవులు అయిపోలేదు, అంతే. ఆ పుస్తకం తమ్ముడికి పోయింది. వాడు బొమ్మలన్నిటికీ మీసాలు పెట్టాడు. తొంభై రెండో పేజీలో గీతలు గీసిన భూగోళం, దానికీ మీసాలు.

మర్నాడు రెండింటికి అయిదు నిమిషాలుందనగా భర్త దగ్గరికెళ్ళి, పాపని ఒక గంట చూస్తారా అని అడిగింది. అతను కోపిష్టి కాదు. ఆవలించి, "నీకెందుకే అవన్నీ? కావాలంటే నేను చెబుతాగా," అన్నాడు.

"చెప్పండి. గడియారం ఎందుకు వెనక్కి తిప్పుతారు?"

అతను కాళ్ళు ఇంకాస్త జాపుకున్నాడు. "ఓడవాళ్ళ రూలు," అన్నాడు.

పక్క కుర్చీలోంచి మామగారు, అసలు తన గడియారంలో ఇప్పుడు నాలుగని గుర్తుచేశారు. పాప ఏడుస్తుందేమో, కమ్మీలెక్కుతుందేమో, అన్నం కక్కుతుందేమో అని ఆమెకి భయమేసింది. అయినా అక్కడే నిలబడింది.

"ఎంతసేపట్లో వస్తావు మరి?"

"రెండింటికి వెళ్ళి రెండింటికి వస్తాను. మీ రోజులోంచి ఒక్క నిమిషం కూడా పోదు."

అప్పుడు అత్తగారు, అవతలి కుర్చీలో కళ్ళు మూసుకునే, "వెళ్ళనివ్వరా దాన్ని. నన్ను వెళ్ళమన్నవాళ్ళెవరూ లేకపోయారు," అన్నారు. ఆ గొంతు ఆమె ఎప్పుడూ విననిది. తన గుప్పిట్లో ఉన్న గౌను అంచు విప్పి, భర్త గుప్పిట్లో పెట్టి, ఆమె మెట్లెక్కింది.

హాల్లో పదిమందున్నారు. అధికారిణి ఒక కమలాపండు మీద దీపం వేసి తిప్పి చూపించింది. సూర్యుడి వెంట పడమటికి పోతున్నాం, అందుకే మనకి మధ్యాహ్నం ఆలస్యంగా వస్తుంది, పటం మీది నిలువు గీత దాటినప్పుడల్లా గంట కలుస్తుంది అని చెప్పింది. పన్నెండేళ్ళుగా ఆగిపోయిన పాఠం అంత తేలిగ్గా ఉంటుందని ఆమె అనుకోలేదు. చెయ్యెత్తి, ఇలా వచ్చిన గంటలన్నీ చివరికి ఏమవుతాయని అడిగింది. అధికారిణి మొహం వెలిగింది. అదే అసలు ప్రశ్న అంది. ఇంకా ముందుకెళ్తే సముద్రం మధ్యలో ఒక గీత ఉంది, అది దాటిన రోజు మొత్తం ఒక రోజు ఎగిరిపోతుంది, బుధవారం పడుకుంటే లేచేది శుక్రవారమే అంది.

ఆమె సరిగ్గా రెండింటికి తిరిగి వచ్చింది. భర్త చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి. పాప గౌను సింకు అంచు నుంచి బొటబొటా కారుతోంది. పాప బనీను మీదే నిక్షేపంగా ఆడుకుంటోంది. "గంట ఇంత పొడుగుంటుందని ఎవరూ చెప్పలేదే," అన్నాడతను నీరసంగా. ఆమె నవ్వుతూ గౌను గట్టిగా పిండి ఆరేసింది. తరవాత కమలాపండు, గీతలు, ఎగిరిపోయే గురువారం, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. అతను నిజంగానే విన్నాడు. అందుకు కూడా ఆమెకి కృతజ్ఞతే కలిగింది.

"అంటే ఇచ్చిన గంటలన్నీ చివర్లో లాక్కుంటారన్నమాట," అన్నాడు.

"లాక్కునేది గురువారాన్ని. నేను వాడేసుకున్న గంటని ఎలా లాక్కుంటారు?" అందామె. పెట్టెలోంచి ఇంకో గౌను తీసి, మడిచి, అతని కుర్చీ చేతి మీద పెట్టింది. "ఆదివారం మళ్ళీ తిప్పుతారట. ఇది మీ దగ్గరుంచండి."