ఎనభై నాలుగు మంది ఉప్పు

"ఏమే, సమ్మె ఇంట్ల గూడ షురూ జేసినవా?"

పప్పన్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, వాకిట్లోకి పోయి ఉమ్మేసి వచ్చి నా మొగుడు విజేందర్ అన్న మాట అది. గిన్నెలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. నిజమే. నోట్లో పెట్టేటట్టు లేదు. ముగ్గురికి వండిన పప్పులో బడి పిల్లల పప్పుకు వేసే ఉప్పు పడింది. ఎనిమిదేండ్లుగా పొద్దున పదిన్నరకు నేను మా ఊరి బడిలో పప్పు గుండిగ ముందు నిలబడి ఉంటాను. ఎనభై నాలుగు మంది పిల్లలు, పప్పులోకి మూడు పిడికిళ్ల ఉప్పు. ఇంటి వంట తెల్లవారక ముందే అయిపోయేది, అది సగం నిద్రలో చేసే వంట. మా బడి వంటవాళ్ల సమ్మె మొదలై మూడో రోజు ఇవాళ. పదిన్నరకు ఇంటి పొయ్యి దగ్గర ఉన్నాను. ఆ వేళకు ఏం చేయాలో చేతికి తెలుసు. నన్ను అడగకుండానే డబ్బాలోకి పోయి పిడికెడు తీసి వేసింది.

విజేందర్ ఆర్టీసీలో డ్రైవరు. నైటౌట్ డ్యూటీ దిగి ఆకలితో వచ్చాడు, పాపం. మామిడి తొక్కు వేసుకుని తింటూ అన్నాడు. "మేం సమ్మె జేస్తె బస్సులాగినయ్. మీరు జేస్తె ఏమాగుతది? పిల్లగాండ్లు ఇంటికొచ్చి తింటరు. వంట గూడ ఒక కొలువేనా? నువ్వు ఇంట్ల చెయ్యవా, దానికెవడన్న జీతమిస్తున్నడా?"

ఈ మాట నాకు కొత్త కాదు. హోటల్ కాడ చాయ తాగేవాళ్లు అంటున్నారు, రెండు గంటల పనికి ఇంత లొల్లా అని. నిన్న టీవీలో నలుగురు కూర్చుని ఎవరి జీతం న్యాయం, ఎవరిది దండగ అని తేలుస్తున్నారు. టీచర్లకు ఎక్కువన్నారు, బస్సు వాళ్లకు ఎక్కువన్నారు, మా వంతు వచ్చేసరికి సబ్బు ప్రకటన వచ్చింది. మాకిచ్చేది జీతం కూడా కాదు, గౌరవ వేతనమట. ఆ గౌరవం నెలల తరబడి రాకపోతే కోడిగుడ్లు, కూరగాయలు నేనే ఉద్దెర తెచ్చి వండాను. దుకాణాయన నన్ను చూసి మొహం తిప్పుకునే దాకా తెచ్చాను. చేరిన మొదటి నెల, మా వాడ మనిషి వండిందని కొందరు పిల్లలు ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకున్నారు. మూడో నెలకు అవే డబ్బాలు చాపి ఇంకో గంటె పప్పు వేయించుకున్నారు. ఎవరికి తెలుసు ఈ సంగతి? పప్పుకు తెలుసు, నాకు తెలుసు.

గోడ మీద యేసయ్య కాలెండరు కింద ఒక ఫోటో ఉంది. ఆర్టీసీ సమ్మెప్పుడు పేపర్లో వస్తే విజేందర్ కత్తిరించి ప్లాస్టిక్ పొర వేయించాడు. చిట్యాల కాడ హైవే మీద వంటా వార్పు. మూడు రాళ్లు పెట్టి, తారు రోడ్డు మీద పొయ్యి ముట్టించి, రాకపోకలు ఆపి అక్కడే వండుకుని తినే నిరసన. మైకులో "మా కడుపులు మాడుతున్నయ్" అంటూ పిడికిలెత్తిన విజేందర్ ఫోటోలో బాగా పడ్డాడు. వెనక పొగ ఉంది. ఆ పొగలో నేనున్నాను, రెండు వందల మందికి అన్నం కలుపుతూ. ఆ యాభై రెండు రోజులూ పొద్దున బడిలో వండి, మధ్యాహ్నం ఆసాముల చేన్లకు పత్తి ఏరబోయాను. కాయల డొప్పలు గుచ్చుకుని వేళ్లు పగిలితే రాత్రి నూనె రాసుకున్నాను. ఒక్కనాడు కూడా సమ్మె ఎప్పుడు విరమిస్తారని అడగలేదు. అడిగితే ఆయన ధైర్యం సడలుతుందని భయం. నా ధైర్యం సంగతి ఎవరూ అడగలేదు, నేను కూడా.

ఉప్పు పప్పు కుడితిలో పోసి, పదకొండున్నరకు మండలాఫీసు ముందున్న సమ్మె టెంటుకు పోయాను. అత్త సాలమ్మ పొద్దున్నుంచీ కనబడలేదు, ఎవరి చేనుకో కూలికి పోయిందనుకున్నాను. నేను రాగానే టెంటులో మాటలు ఆగిపోయాయి. చాప మీద ఈ రెండు రోజులూ నాకు జాగా ఉంచిన నాగరాణి, బడిలో నాతోపాటు వండే మనిషి, కాళ్లు చాపుకుని కూర్చుంది.

"జరుగు నాగరాణీ."

"ఏడికి జరగాలక్కా? నీ గుండిగల పప్పు ఉడుకుతనే ఉన్నదట గద. మీ అత్త పోయి వండుతున్నది. మమ్ముల ఈడకు తోలి, నువ్వు ఇంటోళ్లను ఆడికి తోలినవా?"

నాకు తెలియదంటే ఎవరు నమ్ముతారు? ఒకే ఇల్లు, ఒకే కుండ. బయటికి వచ్చి హెడ్మాస్టర్ కమలాకర్ సారుకు ఫోన్ చేశాను.

"నిన్ననే విజేందర్‌కు చెప్పిన కదమ్మా. వంట ఆగొద్దు, మీ ఇంట్లోంచే ఎవరినన్నా పంపమన్న. తల్లిని పంపుత అన్నడు. రేపు గూడ ఆమెనే వస్తే పేరు మార్చి రాసేస్త. నీ కొలువు మీ ఇంట్లోనే ఉంటది, నీకేం నష్టం?"

నా కొలువు సంగతి నాతో కాదు, నా మొగుడితో మాట్లాడాడు. ఆయన ఒప్పుకున్నాడు. అత్త పోయింది. రేపు మళ్లీ పోతే నా ఎనిమిదేండ్లు కొట్టేసి పక్కన సాలమ్మ అని రాస్తారు. మా ముగ్గురిలో ఈ సంగతి తెలియనిది వంట చేసే నాకొక్కదానికే. ఉప్పెక్కువైన పప్పు ముందు కూర్చుని సమ్మె గురించి ఆయన నవ్వినప్పుడు, ఆ మాట ఆయన కడుపులోనే ఉంది.

పోయి చివరన, ఎండ పడే చోట కూర్చున్నాను. ఎవరూ పలకరించలేదు. సాయంత్రం యూనియన్ నాయకుడు కిష్టయ్యన్న వచ్చి చెప్పాడు. "రేపు ఈడనే వంటా వార్పు. జిల్లా నాయకులొస్తున్నరు, ఓ వంద మందికి కావాలె. రూపక్కా, బగారన్నంల నీ చెయ్యి పడాలె."

"వంట బంద్ వెట్టినోళ్లమే వండుడేందన్నా?"

"ఏ, గది పోరాట రూపం అక్కా. నీకు తెల్వదు" అని నవ్వాడు. నాగరాణి కూడా నవ్వబోయి నన్ను చూసి ఆపుకుంది.

ఇంటికి వచ్చేసరికి అత్త అరుగు మీద ఒరిగి ఉంది. కొంగంతా మసి. కుడి చెయ్యి మణికట్టు మీద గంజి పడి బొబ్బ లేచింది.

"యేసయ్యా... ఓ పిల్లా, గంత గుండిగ నువ్వు ఒక్కదానివే దించుతవానే?"

"నేనూ నాగరాణీ చెరో దిక్కు పట్టుకుంటం."

"నాకెవ్వలు పట్టలే. గింత పనని వాడు చెప్పలే. ఊకె కూసోని కలిపి రమ్మన్నడు." కొంగుతో మొహం తుడుచుకుంది. "జర చాయ వెట్టరాదూ."

లేచాను. కాళ్లు పొయ్యి దిక్కు పోబోయాయి, నేను ఆపాను. బొబ్బకు కొబ్బరి నూనె తెచ్చి రాశాను. చాయ పెట్టలేదు. అత్త నా మొహం చూసి మళ్లీ అడగలేదు. ఇద్దరం అట్లనే కూర్చున్నాం, పొద్దుగూకింది.

విజేందర్ వచ్చి వంటింట్లోకి తొంగి చూశాడు.

"ఏందే, పొయ్యి ముట్టియ్యలేదా? ఇంట్ల ఎవ్వలన్న సచ్చిన్రా?"

మా దిక్కు పొయ్యి వెలగలేదంటే ఆ ఇంట్లో పీనుగ ఉన్నట్టే. ఆ రోజు వాడకట్టు వాళ్లు అన్నం తెచ్చి పెడతారు. ఆడది బతికి ఉండి, ఒంట్లో బాగుండి, పొయ్యి చల్లగా ఉండటం మా వాడలో ఎవరూ చూసి ఉండరు.

"ఎవ్వలు సావలే. పొద్దుగాల అడిగినవ్ గద, సమ్మె ఇంట్ల గూడ షురూ జేసినవా అని. గప్పుడు జెయ్యలే, చెయ్యి తప్పింది. ఇప్పుడు జేసిన."

ముందు నవ్వాడు. నేను నవ్వలేదని చూసి ఆపాడు. "ఎన్ని దినాలు?"

"మీది యాభై రెండు దినాలు నడిచింది."

తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వన్న లెవ్వరాదే. ఆకలైతాంది."

అత్త గోడ వైపు తిరిగి పడుకుంది. "నా నడుము పడిపోయింది కొడుకా. రేపు బడికి గూడ పోను. ఆ సారుకు నువ్వే చెప్పు. నీకే గద ఫోన్ జేసింది."

నా కోసం అన్నదో, నడుము కోసం అన్నదో తెలియదు. నా వైపు చూడలేదు, నేను అడగలేదు.

విజేందర్ కొలువు గురించి ఏదో చెప్పబోయి మానుకుని వంటింట్లోకి పోయాడు. తర్వాత లోపల గిన్నెలు కదిలాయి. నీళ్లు పోసిన చప్పుడు. డబ్బాల మూతలు ఒక్కొక్కటే తెరుచుకుని మూసుకుంటున్నాయి. పసుపు, కారం, చింతపండు, చక్కెర.

"ఉప్పెక్కడున్నదే?"

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన పదకొండేండ్ల నుంచి ఉన్న చోటనే ఉంది, పొయ్యి పక్కన, చెయ్యి చాపితే అందేంత దూరంలో. నేను గడప మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. రేపు టెంటు కాడ బగారన్నం తనే వండబోయి కిష్టయ్యన్న కూడా ఇదే అడగాల్సి వస్తుంది.