గీత దాటని బూట్లు

గంగాధరప్ప బూట్ల లేసులు కట్టేది భార్య సుబ్బలక్ష్మే. మద్రాసు ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి అతను వంగకూడదు. గూడ్సు బండి దిగబోయి కంకర మీద పడినప్పుడు విరిగిన ఎడమ తుంటి ఎన్నాళ్లకీ అతుక్కోలేదు. చివరికి ఎముక తల తీసేసి, దాని చోట ఉక్కు గుండు పెట్టారు. పంపించేటప్పుడు పెద్ద డాక్టరు ఆమెను పక్కకు పిలిచి చెప్పాడు. నడవవచ్చు, నిలబడవచ్చు, కాలు నిలదొక్కుకుంటే కాస్త ఆడినా ఆడవచ్చు. గొంతుక్కూర్చోకూడదు, మఠం వేయకూడదు, నేల మీదికి వంగకూడదు. వంగి పక్కకు తిరిగితే గుండు జారిపోతుంది.

గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో వాళ్ల సంసారమంతా నేల మీదే సాగేది. సుబ్బలక్ష్మి దాన్ని పైకి ఎత్తింది. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టింది. వడ్రంగి ఎర్రప్ప చేత దొడ్డికి కూర్చోవడానికి నడుమ బొక్క ఉన్న కుర్చీ చేయించింది. అన్నం పళ్లెం బల్ల మీదికి వచ్చింది.

"కొడుకు పైన, తల్లి కింద. చూసినోళ్లు ఏమనుకుంటారే?" అంది అత్త తిప్పమ్మ.

"మీరూ కుర్చీలో కూర్చోండత్తా."

"నాకేమన్నా ఇనప గుండు పెట్టినారా?"

ఒకసారి భుజం మీది టవలు జారింది. గంగాధరప్ప చెయ్యి దాని వెంటే కిందికి పోతోంది. పొయ్యి దగ్గర నుంచి సుబ్బలక్ష్మి "ఇదో!" అంది. అతను ఆగిపోయాడు. ఇంట్లో ఆ ఒక్క మాట చాలేది. అతని పేరు ఆమె ఎప్పుడూ పలకలేదు. పలికితే మగని ఆయుష్షు తగ్గుతుందని తిప్పమ్మ నమ్మకం. సుబ్బలక్ష్మికి ఆ నమ్మకం లేదు, కానీ నోరు రాదు. ఆసుపత్రిలో పేరు అడిగితే కాగితం మీద రాసి ఇచ్చింది.

పడకముందు అతను రైల్వే ఇన్‌స్టిట్యూట్ బాల్ బ్యాడ్మింటన్ జట్టులో ఆడేవాడు. ఇప్పుడు సాయంత్రమైతే కర్ర పట్టుకుని మైదానానికి పోయి, ఆట చూసి, ఇంటికొచ్చి పళ్లెంలో అన్నం కెలికి లేచేవాడు. "ఒక్క ఆట," అన్నాడొకనాడు గోడ వైపు చూస్తూ. "ఒక్కటి ఆడకపోతే నేనూ ఆ ఎర్రప్ప చేసిన కుర్చీ ఒకటే."

ఆ వారమే జట్టు కెప్టెన్ యేసన్న వచ్చాడు. "ధర్మవరమోళ్లు వస్తాండారు వదినా. అన్నను నెట్టు కాడ నిలబెడతాం. పరిగెత్తే పని లేదు. మా నలుగురం ఉండాం కదా."

గోడ వైపు తిరిగిన మగని వీపు సుబ్బలక్ష్మికి కనిపిస్తూనే ఉంది.

"బంతి కిందపడితే ఆయన తీయకూడదు," అంది.

"తీయనీను."

"బ్యాటు జారితే మీరే అందీయాల."

"బ్యాటేంది వదినా, అన్న మీసం జారినా మేమే అందిస్తాం."

గంగాధరప్ప నవ్వాడు. ఆ నవ్వు విని చాలా కాలమైంది. ఆమె ఒప్పుకుంది.

మ్యాచ్ రోజు సుబ్బలక్ష్మి అతన్ని మంచం మీద కూర్చోబెట్టి, లేసులు విడిపోకుండా రెండేసి ముళ్లు వేసింది. పిలుచుకు పోవడానికి వచ్చిన ఓబుళేసు, జట్టులో చిన్నవాడు, గడపలో నిలబడి చూశాడు.

"ఏమన్నా, పెండ్లికొడుకు మాదిరి కాళ్లు చాపినావే! ఆ గుండేదో మన లోకో షెడ్డులోనే పెట్టించుకోనుంటే మద్రాసు దాకా పోయే పని తప్పేది."

"షెడ్డులో పెడితే బొగ్గు అడుగుతాది రా," అన్నాడు గంగాధరప్ప.

ఆ ఏడు చినుకు లేదు. తాగే నీళ్లే రైలు ట్యాంకుల్లో వస్తున్నాయి. ఆటకు ముందు కోర్టు తడిపే మాటే లేదు. ఎర్రటి దుమ్ము మీద సున్నం గీతలు మాత్రం కొత్తగా, తెల్లగా ఉన్నాయి. ఆడవాళ్ల బెంచీలు మైదానానికి అవతలి పక్క వేశారు. సుబ్బలక్ష్మి తిప్పమ్మ పక్కన కూర్చుని ఒక్కొక్కటీ సరిచూసుకుంది. పసుపు ఉన్ని బంతి యేసన్న చేతిలో ఉంది. బ్యాటు గంగాధరప్ప చేతిలో గట్టిగానే ఉంది. లేసులు విడిపోలేదు. అతను కర్ర ఓబుళేసుకు ఇచ్చేసి, కాళ్ల బలంతోనే గీత దాకా నడిచాడు. మైదానం ఈలలు వేసింది. తిప్పమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

గీత దగ్గర యేసన్న వంగి, కోర్టు మట్టిని వేళ్లతో తాకి కళ్లకు అద్దుకుని లోపలికి పోయాడు. అతని వెనక ఇంకొకడు. తర్వాత ఓబుళేసు. మట్టికి మొక్కకుండా కోర్టులో కాలుపెట్టేవాడు ఆ ఊళ్లో లేడు. సుబ్బలక్ష్మి ఏళ్ల తరబడి చూసిందే. చూసీ చూసీ, అది వంగడమని ఆమెకు తోచనే లేదు.

గంగాధరప్ప వంగుతున్నాడు.

"ఇదో!" అంది లేచి నిలబడి. ఈలల్లో ఆ మాట పక్క బెంచీకి కూడా చేరలేదు. "ఇదో! నిన్నే!" అని ఇంకా గట్టిగా అరిచింది. తమనేనేమో అని నలుగురైదుగురు మగవాళ్లు తిరిగి చూశారు. అతను చూడలేదు. చెయ్యి ఇంకా కిందికి పోయింది.

"గంగాధరప్పా!"

మైదానం ఒక్కసారిగా చప్పుడు లేకుండా అయింది. ఆ గొంతు అతను గుర్తుపట్టాడు. వేళ్లు మట్టికి ఆనించి, వంగినవాడు వంగినట్టే, బెంచీల వైపు తిరిగాడు. పక్కకు ఒరిగిపోయాడు.

"పేరు పెట్టి పిలిచినావా?" అంది తిప్పమ్మ.

సుబ్బలక్ష్మి ఆడవాళ్లెవరూ దాటని మైదానం దాటి పరిగెత్తింది. ఎడమ కాలు కురచగా, లోపలికి తిరిగి పడి ఉంది. యేసన్న మోకాళ్ల మీద కూర్చుని బంతి చూపిస్తున్నాడు.

"బంతి నా చేతిలోనే ఉండాది వదినా. కింద పడనీలేదు."

రైల్వే ఆసుపత్రి కాంపౌండరు వచ్చి కాలు చూశాడు, తాకలేదు. "ఈడ కాదమ్మా. మళ్లా మద్రాసుకే. ఇంక ఆట మాట ఎత్తొద్దు."

చెక్క బెంచీ ఒకటి తెచ్చి అతన్ని దాని మీదికి చేర్చారు. బూట్లు విప్పమన్నారు. ముళ్లు ఎంతకీ రావడం లేదు. సుబ్బలక్ష్మి గోళ్లతో లాగింది. గీత బయటి బూడిదరంగు మట్టి అడుగున అంటుకుని ఉంది. కోర్టు ఎర్రమట్టి ఒక్క రేణువు కూడా లేదు.

"పిలిచింది నువ్వేనా?" అన్నాడు గంగాధరప్ప పళ్లు బిగించి.

"ఊ."

"బాగా ఇనపడింది."

ఆమె రెండో ముడి పట్టుకుంది. అతను కుడి చెయ్యి ఎత్తి చూసుకున్నాడు. వేళ్ల చివర ఎర్ర దుమ్ము, కాస్త సున్నం. వాటిని మెల్లగా ఒక కంటికి, తర్వాత రెండో కంటికి అద్దుకున్నాడు.

"పట్టండప్పా," అన్నాడు, "ఇంక పోదాం."