ఆకు ఆగిన చోట

ఆ ఇంట్లో శనివారం పొద్దున తనిఖీ ఉంటుంది. గోళ్ళు, చెవులు, బూట్ల లేసులు, సంచిలో నీళ్ళ సీసా. పిల్లలిద్దర్నీ తలుపు దగ్గర వరసగా నిలబెట్టి ఒక్కొక్కటే చూస్తుంది ఆవిడ. సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం ఆవిడది. పన్నెండేళ్ళుగా ఎవరి మాటా నమ్మకుండా జీతం తీసుకున్న మనిషి, ఇంటికొచ్చాక మాత్రం ఎందుకు నమ్ముతుంది? పిల్లలు చాటున ఆవిణ్ణి 'చెకింగు' అంటారు. ఎదురుగా ఉంటే ఏమీ అనరు. పిన్నీ అని పిలవమని వాళ్ళ నాన్న చెప్పి ఏడాదిన్నరైంది, ఆ మాట ఇంకా ఎవరి నోటా రాలేదు.

నాన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. శనివారం కూడా ఏదో ఒక భవనంలో ఏదో ఒక లిఫ్టు మధ్యలో ఆగిపోతుంది, ఆయన సంచి సర్దుకుని పరిగెడతాడు. సొంత ఇంట్లో ఇరుక్కుపోయినవాళ్ళ సంగతి మాత్రం ఆయనకి పట్టదు.

ఆ వారం విదేశీ మొక్కల తోటకి వెళ్దామని అడిగింది పెద్దపిల్లే. పదేళ్ళది. తమ్ముడికి పురుగుల్ని తినే మొక్క చూపించాలట, బళ్ళో బొమ్మ గీయమన్నారట. ఆ పిల్ల నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదటిసారి. ఆవిడకి అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. సంతోషించింది పాపం, అదీ ఆవిడ చేసిన పొరపాటు. ఒంటిగంటకి డ్యూటీ ఉందని యూనిఫాంలోనే బయల్దేరింది.

బస్సులో రెండు టికెట్లు పెద్దపిల్ల చేతికిచ్చి, "జాగ్రత్తగా పెట్టుకో" అంది. మూడో స్టాపు దాటగానే పెద్దపిల్ల వాటిని కిటికీలోంచి వదిలేసింది. నాలుగో స్టాపులో తనిఖీకి ఎక్కినవాడు ఆవిడ తోటి ఉద్యోగే.

"మేడమ్, మీ పిల్లలేనా? టికెట్లు లేవంటున్నారు" అన్నాడు నవ్వాపుకుంటూ.

బస్సంతా తిరిగి చూసింది. ఆవిడ మళ్ళీ రెండు టికెట్లు కొని తన జేబులో పెట్టుకుంది.

"నాకు పరువు పోతుందనేగా పారేశావు. పోయింది. తృప్తిగా ఉందా?" అంది.

"మీరు మాకేమీ కారు. మీ పరువు పోతే మాకేంటి?" అంది పెద్దపిల్ల.

"మీ అమ్మలా ఉండటం నాకు చేతకాదు. నేర్చుకునే ఓపికా లేదు. తమ్ముడి ముక్కు తుడువు."

తోటలో అద్దాల ఇల్లు ఉడికిపోతోంది. పైన గొట్టాల్లోంచి సన్నగా ఆవిరి. పలకడానికి నోరు తిరగని పేర్లున్న రేకు బిళ్ళలు, 'ముట్టుకోరాదు' అనే బోర్డులు. నాగజెముడుకి తాతముత్తాతల్లాంటివేవో గోడ పొడుగునా ముళ్ళు విప్పుకుని నిలబడ్డాయి. బుడ్డోడు అగ్గిపెట్టెలో చీమని తెచ్చాడు. పురుగుల్ని తినే మొక్క ముందు పెట్టె తెరిచి, చీమ వైపు చూసి, మళ్ళీ మూసేశాడు. "వద్దులే, దీనికి ఇల్లుంటుంది" అన్నాడు. ఆవిడ కళ్ళద్దాలకి ఆవిరి పట్టింది. తీసి యూనిఫాం అంచుతో తుడుచుకుని పెట్టుకునేసరికి పిల్లలిద్దరూ లేరు.

అంతా అమ్మమ్మ చెప్పినట్టే. చనిపోయిన వాళ్ళమ్మకి తల్లి. కిందటి ఆదివారం వచ్చినప్పుడు మనవరాల్ని వంటింట్లోకి పిలిచి చెవిలో నూరిపోసింది. "అది చూడనప్పుడు తమ్ముణ్ణి తీసుకుని కొలను దగ్గరికి వెళ్ళు. తప్పిపోయామని చెప్పు. ఎడమ ఒడ్డున నేనుంటా."

ఆ కొలనులో దూరదేశపు కలువ ఉంది. ఒక్కో ఆకు మంచమంత. అంచు పళ్ళెంలా పైకి తిరిగి, అడుగున వేలెడేసి ముళ్ళతో ఉంటుంది. తోటలో తప్పిపోయిన పిల్లల్ని ఆ ఆకు మీద కూర్చోబెడతారు. ఆకు ఆ పిల్లల మనిషి నిలబడ్డ ఒడ్డుకి పోయి ఆగుతుంది. ఆ మనిషి రిజిస్టరులో సంతకం పెట్టి పిల్లల్ని తీసుకెళ్ళిపోవచ్చు. ఆ సంతకాన్ని బడీ ఒప్పుకుంటుంది, కోర్టూ ఒప్పుకుంటుంది. అమ్మమ్మకి కావలసింది ఆ సంతకమే.

కొలను మాలి ముసలాయన. చేతిలో గెడకర్ర, చెవి మీద పెన్సిలు. తప్పిపోయామని పెద్దపిల్ల చెప్పగానే పేర్లు రాసుకుని గంట కొట్టాడు. ఎడమ ఒడ్డున అమ్మమ్మ అప్పటికే చీర కుచ్చిళ్ళు సర్దుకుని సిద్ధంగా ఉంది. గంట విని కుడి ఒడ్డుకి పరిగెత్తుకొచ్చింది ఆవిడ. ఎదురుగా అమ్మమ్మని చూసింది. ఒక్క క్షణంలో అంతా అర్థమైంది.

"పసిపిల్లలతో ఇలాంటి పని చేయించడానికి సిగ్గులేదా మీకు?" అంది.

"నా కూతురి మంచం మీద పడుకుంటున్నావు, నువ్వా నాకు సిగ్గు నేర్పేది? ఆకే చెబుతుంది ఎవరి పిల్లలో" అంది అమ్మమ్మ.

మాలి ముందు బుడ్డోణ్ణి కూర్చోబెట్టాడు. ఆకు మెల్లగా నడిమధ్యకి వెళ్ళి, ఒకసారి చుట్టూ తిరిగి, బయల్దేరిన మెట్ల దగ్గరికే వచ్చేసింది. అక్కడ నిలబడి ఉన్నది వాళ్ళక్క.

"వీడు అక్క మనిషి. అన్నం పెట్టేదీ, నిద్రపుచ్చేదీ ఈ పిల్లే అయ్యుంటుంది. అక్క ఎటుపోతే వీడూ అటే. ఎక్కు పాపా" అన్నాడు మాలి.

పెద్దపిల్ల ఎక్కింది. ఆకు కొలను నడుమ దాకా వెళ్ళి ఆగిపోయింది.

"రా తల్లీ, ఇటు. మీ అమ్మని తలుచుకో" అని కేకేసింది అమ్మమ్మ.

పెద్దపిల్ల కళ్ళు మూసుకుని అమ్మని తలుచుకుంది. ఆకు కదల్లేదు. అమ్మ ఏ ఒడ్డునా లేదు మరి.

పది నిమిషాలు గడిచాయి, ఇరవై గడిచాయి. మాలి పెన్సిలు తీసి రిజిస్టరు తెరిచాడు. "ఒక్కోసారి ఇలాగే నిలబడిపోతుంది. ఇంకో పావుగంట చూస్తాను. అప్పటికీ కదలకపోతే ఎవరూ లేరని రాస్తాను. అలా రాసిన పిల్లలు హాస్టలుకి పోతారు. వీడూ దాంతోపాటే."

"వాణ్ణెందుకు పంపుతావు? అది ఎక్కడో అక్కడ ఉంటుంది, పిల్లవాణ్ణి నాకివ్వు" అంది అమ్మమ్మ.

నీళ్ళ మీద మాట బాగా వినపడుతుంది. పెద్దపిల్ల ఎడమ ఒడ్డు వైపు చూడటం మానేసింది. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, ఆకు అంచు పట్టుకుని కూర్చుంది. దానికి ఈత రాదు, నీళ్ళంటే చచ్చేంత భయం. అయినా నోరు విప్పలేదు. వాళ్ళమ్మ పోయిన రోజు తను ఎంత పిలిచినా అమ్మ పలకలేదు. అప్పట్నుంచీ అది ఎవర్నీ దేనికీ పిలవలేదు.

ఆవిడ గడియారం చూసుకుంది. పన్నెండున్నర.

"చూశావా, అది డ్యూటీకి టైము చూసుకుంటోంది" అంది అమ్మమ్మ.

ఆవిడ ఆ మాట పట్టించుకోలేదు. "ఏయ్, భయంగా ఉందా? పిలవడానికి నోరు లేదా నీకు?" అని అరిచింది.

"పిలవను."

"సరే, పిలవకు."

బూట్లతోనే నీళ్ళలోకి దిగింది.

"అమ్మా, దిగకూడదు. అడుగున ముళ్ళు, చీరేస్తాయి. జరిమానా కూడా ఉంది" అన్నాడు మాలి.

"రాసుకోండి" అంది ఆవిడ వెనక్కి తిరక్కుండా. జీవితమంతా జరిమానాలు రాసిన మనిషి.

నడుము దాకా నీళ్ళు వచ్చాయి. దారిలో ఉన్న ఆకుల్ని మోచేతులతో నెట్టుకుంటూ, మొక్కనీ కొలనునీ లిఫ్టు మెకానిక్కునీ కలిపి తిట్టుకుంటూ నడిచింది. ఆకు దగ్గరికి చేరేసరికి పెద్దపిల్ల అవతలి అంచుకి జరిగింది.

"నన్ను ముట్టుకోవద్దు" అంది.

"ముట్టుకోను. నాకేం సరదా కాదు. బస్సులో కడ్డీ పట్టుకుంటావా లేదా? భుజం అలాగే పట్టుకో. కడ్డీని ఎవరూ ప్రేమించక్కర్లేదు."

పెద్దపిల్ల చాలాసేపు ఆ భుజం వైపు చూసింది. తర్వాత పట్టుకుంది, రెండు చేతులతో, గోళ్ళు దిగేలా. ఆవిడ వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టింది. ఆకు వెంట వచ్చింది.

"ఇది చెల్లదు. అది లాక్కొస్తోంది" అని అమ్మమ్మ గట్టు చుట్టూ పరుగున వచ్చింది.

"అవునమ్మా, లాగితే చెల్లదు" అన్నాడు మాలి. కుడి ఒడ్డుకి చేరాక పెద్దపిల్లని చేతులు తీసేయమన్నాడు, ఆవిణ్ణి గట్టెక్కమన్నాడు. గెడకర్రతో ఆకుని నడిమధ్యకి తోశాడు. ఆకు వెళ్ళింది, ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగింది, తిరిగి కుడి ఒడ్డుకే వచ్చి తగిలింది. మళ్ళీ తోశాడు, మళ్ళీ వచ్చింది. మూడోసారి గట్టిగా, ఎడమవైపుకి తోశాడు. మూడోసారి తొందరగా వచ్చింది.

అమ్మమ్మ చీర కుచ్చిళ్ళు దులుపుకుని, బుడ్డోడి తల నిమరబోయింది. వాడు అక్క వెనక్కి తప్పుకున్నాడు. ఆమె గేటు వైపు నడిచి వెళ్ళిపోయింది.

"ఏమవుతారు?" అన్నాడు మాలి, రిజిస్టరులో ఆ గడి మీద పెన్సిలు ఆనించి.

ఆవిడ ప్యాంటు అంచు పిండుకుంది. అబద్ధం చెప్పడం ఆవిడకి రాదు.

"మా ఇంట్లో ఉంటారు. అది రాయండి" అంది పెద్దపిల్ల.

మాలి అదే రాశాడు. ఆవిడ తడిచేత్తో సంతకం పెట్టింది.

ఒంటిగంట దాటింది, డ్యూటీ పోయింది. బస్సు స్టాపులో ముగ్గురూ నిలబడ్డారు. బూట్లలోంచి నీళ్ళు కారుతున్నాయి. ప్యాంటు మోకాళ్ళ కింద పీలికలైంది.

"మీ కాలికి రక్తం వస్తోంది" అంది పెద్దపిల్ల.

"తెలుసు. నీవల్లే."

"మిమ్మల్ని నేను దిగమన్నానా?"

"అనలేదు. తమ్ముడి లేసు ఊడింది, చూడు."

బస్సొచ్చింది. ఎక్కాక ఆవిడ రెండు టికెట్లు తీసుకుంది. వాటిని జేబులో పెట్టుకోబోయి ఆగి, పెద్దపిల్ల చేతికిచ్చింది. కిటికీ తెరిచే ఉంది. బుడ్డోడు అగ్గిపెట్టెలో చీమకి దారిలో కనబడేవన్నీ చెబుతున్నాడు. నాలుగో స్టాపులో ఎవరూ తనిఖీకి ఎక్కలేదు. అయినా ఇల్లు చేరి, తలుపు తెరిచి, బూట్లు విప్పేదాకా పెద్దపిల్ల ఆ గుప్పిట విప్పలేదు.