కొక్కెం మీద కుళ్ళు

నేను ఒక పెట్టెను. పైన నల్ల రెగ్జిన్, లోపల ఎర్ర మఖమల్, ముందు ఇత్తడి గొళ్ళేలు. బుల్లి గిటారు లాంటి నాలుగు తీగల యుకులేలే కోసం, దాని నడుము వంపు కొలిచి మరీ నన్ను చేశారు. ఇంకెవరికీ నా ఒడి సరిపోదు. అందుకే నాకు కాస్త పొగరు.

బెజవాడలో హైమ మా ఇద్దరినీ కొనుక్కుంది. షాపాయన అప్పుడే చెప్పాడు. "ఇది ప్లైవుడ్ కాదమ్మా, అచ్చమైన చెక్క. ఏసీ గాలికి ఎండిపోద్ది. వాయించాక పెట్టెలో పెట్టేయండి." నేను పొంగిపోయాను.

ఇంటికి రాగానే హైమ భర్త శేషుబాబు, "ఇంత అందమైనదాన్ని దాచేస్తే వచ్చినోళ్ళు ఎట్టా చూస్తారు?" అంటూ హాల్లో ఏసీకి ఎదురుగా గోడకి కొక్కెం బిగించాడు. యుకులేలే గోడెక్కింది, నేను అటకెక్కాను. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు. పైగా నా మఖమల్ ఒళ్ళో జంతికల గొట్టం పెట్టారు. దానికి నా ఒడి చక్కగా సరిపోయింది.

హైమ పొయ్యి మీద పాలు పెట్టి, పొంగేలోపు యుకులేలే దించి సగం పాట వాయించేది. అటక మీంచి వినేదాన్ని. చుట్టాలు ఒకసారి కొక్కేన్ని కూడా మెచ్చుకున్నారు. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. అది ఊడి పడాలని మొక్కుకున్నాను.

మే నెలంతా ఏసీ ఆగకుండా తిరిగింది. ఒకరోజు హైమ "అబ్బా" అంటూ వేలు నోట్లో పెట్టుకుంది. చెక్క ఎండి కుంచించుకుపోయి, మెడ మీది ఇత్తడి మెట్ల మొనలు బయటికొచ్చి గీరాయి. పొట్ట మీద వెంట్రుక మందాన చీలిక కూడా ఉంది. బాగుచేసే ఆయన జిగురు పెట్టి, మళ్ళీ పగిలితే తన వల్ల కాదన్నాడు. నన్ను దించారు. నూనె వాసన పోయేలా తుడిచి, చెక్క మళ్ళీ ఎండకుండా చిల్లుల డబ్బాలో తడి స్పాంజి పెట్టి, యుకులేలేని నా ఒళ్ళో పడుకోబెట్టి గొళ్ళేలు వేశారు. బోసిపోయిన కొక్కేనికి శేషుబాబు బండి తాళాలు తగిలించాడు. నా కడుపు చల్లబడింది.

ఆ తర్వాత పాలు పొంగాయి గానీ పాట వినపడలేదు. నేను మంచం కింద, యుకులేలే నాలో. కంటికి కనపడనిది హైమకి గుర్తే రాలేదు. అటక మీద ఉన్నప్పుడు రోజూ విన్న పాట, అది నా ఒళ్ళోకి వచ్చాక కరువైంది. నాకు భయం వేసింది. గొళ్ళేలు నావే అయినా తీసుకోవడం నాకు చేతకాదు.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం, తాళాల కోసం కొక్కెం దగ్గరికి వెళ్ళిన హైమ అక్కడే నిలబడిపోయింది. వచ్చి నన్ను లాగి, మూత తీసి, పాట మొత్తం వాయించింది.

"మళ్ళీ గోడకి తగిలించనా?" అన్నాడు శేషుబాబు.

"వద్దండి, పెట్టెలోనే ఉంటది. ఏసీ వేస్తే మూద్దాం, లేకపోతే మూత తీసే ఉంచండి. కనపడకపోతే మర్చిపోతన్నా."

అప్పటినుంచీ బల్ల మీద నోరు తెరుచుకుని ఉన్నాను. నా ఒళ్ళో ఎంతసేపు పడుకున్నా పలకని యుకులేలే, హైమ వేళ్ళు తగలగానే పలుకుతుంది. కొక్కెం మీద కుళ్ళు పోయింది. ఆ వేళ్ళ మీద మొదలైంది.