చేతులు కట్టు, నోటిమీద వేలు

చేతులు కట్టు, నోటిమీద వేలు. మా బీడ్ జిల్లాలో పిల్ల బడి గడప తొక్కగానే నేర్చుకునే మొదటి పాఠం ఇదే. నేనూ నేర్చుకున్నాను. చిన్న క్లాసులోనే చెరకు లారీ ఎక్కేదాకా బడి నాకిచ్చింది అదొక్కటే. మిగతా చదువంతా లారీల వెనక రాతలు చూసి, సంఘం కరపత్రాలు చూసి నేనే కూడబలుక్కున్నాను. కాబట్టి చేతులు కట్టుకోమని ఎవరన్నా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ముందే చెప్తున్నాను.

మా తోడికోడలు ధ్రుపద కూతురు కాళింది. నాలుగో తరగతి. ఆ పిల్ల అరికాళ్ళలో నిప్పులున్నాయి. కూర్చోదు. కూర్చోబెడితే మోకాలు ఆడుతుంది. మోకాలు పట్టుకుంటే వేళ్ళు ఆడతాయి. పుస్తకం ముందు పెడితే అక్షరాలు నిలబడటం లేదంటుంది. మా మరాఠీ అక్షరాలు తలమీది గీత పట్టుకుని వేలాడతాయి, దండెం మీద బట్టల్లాగా. "గాలికి ఊగుతున్నాయి పెద్దమ్మా" అనేది. హెడ్మాస్టరు దేవ్‌కర్ గురూజీ ఆ ఊపు ఆపడానికి చెక్క స్కేలు వాడాడు. అక్షరాలు ఊగడం మానలేదు. పిల్ల ఆ మాట చెప్పడం మానేసింది.

దసరా దాటితే చెరకు నరికే కూలీలను తీసుకుపోవడానికి మేస్త్రీ, మా మాటలో ముకద్దం, లారీ తెస్తాడు. ఊరు సగం ఖాళీ అవుతుంది. మా దగ్గర మొగుడూ పెళ్ళాం కలిస్తే ఒక కొడవలి. ముకద్దం మనుషుల్ని ఎక్కించుకోడు, కొడవళ్ళను ఎక్కించుకుంటాడు. మా మరిదీ ధ్రుపదా ఒక కొడవలి. నేనూ మా ఆయనా ఒకప్పుడు ఒక కొడవలి. ఆయన పోయాడు, నా నడుం పోయింది, కొడవలి తుప్పు పట్టింది. అప్పట్నించీ నేను ఊళ్ళోనే ఉండి మీటింగులు పెడతాను, మోర్చాలు తీస్తాను, తాలూకా ఆఫీసు ముందు కూర్చుంటాను. ఎవరి పిల్లలూ లారీ ఎక్కకూడదని అరుస్తాను. ఈసారి మా ఇంటి పిల్లే ఎక్కబోతోంది.

చెరకు తోట దగ్గర గుడిసెలో చంటివాడు సోన్యాని చూసుకోవాలి, నీళ్ళు మొయ్యాలి, అందుకు కాళింది కావాలంది ధ్రుపద. ఇన్నేళ్ళు బళ్ళో కూర్చుని ఏం ఊడబొడిచిందని అడిగింది. అలా వెళ్ళిన పిల్ల మళ్ళీ బడికి రాదు. ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, ధ్రుపదకీ చెప్పక్కర్లేదు. మేమిద్దరం ఆ లారీలోంచి దిగినవాళ్ళమే. రోజూ గొడవ. జొన్నరొట్టెలు కొడుతూ ఒకళ్ళ మీద ఒకళ్ళం కోపం పిండి మీద చూపించాం. చివరికి ఒక మాటకొచ్చింది. మా ఊళ్ళో పిల్లల చేత చావడిలో ఊరందరి ముందు పుస్తకం చదివిస్తారు. ఈ ఏడు అది లారీ వచ్చే ముందురోజు పడింది.

"అందులో చదివిందంటే నీ దగ్గర వదిలేసి పోతా. లేదంటే నువ్వు నోరెత్తకు అక్కా" అంది ధ్రుపద.

సరేనన్నాను. తంబోళీ బాయి మీద ధైర్యంతో అన్నాను.

తంబోళీ బాయి వానాకాలంలో బదిలీ మీద వచ్చిన టీచరమ్మ. బక్క మనిషి, పెద్ద గొంతు. వచ్చిన వారానికే బడి వెనక వంట చేసే పొయ్యిలోంచి బూడిద ఎత్తుకొచ్చి, ఆవరణలో మనిషి పడుకున్నంత అక్షరాలు గీసింది. పిల్లల్ని వాటి మీద నడవమంది. నడుస్తూ ఆ అక్షరం ఏమని పలుకుతుందో గట్టిగా అనాలి. మలుపు దగ్గర గొంతు కూడా మలుపు తిరగాలి. పళ్ళెంలో జొన్నపిండి పరిచి అందులో వేలితో రాయించేది. ఒకరి వీపు మీద ఇంకొకరు వేలితో రాసి అదేమిటో చెప్పమనేది. బజరంగ్ అనే పిల్లాడు పిండిలో వేలు పెట్టమంటే ఏడ్చాడు, వాడికి ఏదీ అంటుకోకూడదు. వాడికి బోర్లించిన బకెట్టూ పుల్లా ఇచ్చింది. మాట విని ముక్కలు చేసి దరువెయ్యరా అంది. వాడు దరువులో చదువు పట్టుకున్నాడు. నేను గోడ మీదనించి చూస్తూ, ఇదేం బడి తల్లీ జాతరలా ఉందే అన్నాను. ఒకడికి చెవి, ఒకతెకు వేలు, ఎవరి తలుపు ఎక్కడుందో తట్టి చూడాలి కదా అంది ఆవిడ.

కాళింది తలుపు కాళ్ళలో ఉంది.

ఆ పిల్ల బూడిద అక్షరాల మీద నడిచింది, గెంతింది, పరిగెత్తింది. ఊగే అక్షరాలు నేలమీద పడుకుని కాళ్ళకు దొరికాయి. తర్వాత పెద్ద అక్షరాలు చిన్నవయ్యాయి, కాళ్ళ నించి వేలికి వచ్చాయి. అయినా పుస్తకం చదివేటప్పుడు బొటనవేలు కింద నేలమీద కదలాల్సిందే, చూపుడువేలు గీత వెంట పోవాల్సిందే. నెమ్మదిగా చదివేది. ఎడ్లబండి ఎత్తు ఎక్కినట్టు. కానీ ఎక్కేది. నేను విన్నాను.

దేవ్‌కర్ గురూజీకి ఇది నచ్చలేదు. వరండా అంతా బూడిద పాదాలు, ఆఫీసులో కూర్చుంటే బకెట్టు మోత. ఆయన చెడ్డవాడని చెప్పను. పైనించి అధికారి వచ్చి బడి గోలగా ఉందంటే తిట్లు తినేది ఆయనే. అందుకని చావడి చదువు కోసం ఒక పాఠం ఎంచి, పిల్లల చేత రోజూ అదే వల్లె వేయించాడు. వరస తప్పకుండా, కళ్ళు మూసుకున్నా వచ్చేట్టు. కాళింది మాత్రం వల్లె వెయ్యలేదు. వేరే పేజీ ఇచ్చినా చదువుతుంది, దానికి బట్టీ ఎందుకంది తంబోళీ బాయి. మీ ఇష్టం, కానీ చావడిలో చిందులు కుదరవన్నాడు ఆయన.

చావడి నిండింది. ప్రయాణం ముందురోజు కదా, అందరూ ఊళ్ళోనే ఉన్నారు. ధ్రుపద సోన్యాని ఒళ్ళో పెట్టుకుని స్తంభానికి ఆనుకుంది. పిల్లలు ఒక్కొక్కరే లేచి గడగడా అప్పజెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. కాళింది వంతు వచ్చేసరికి గురూజీ పుస్తకం బల్ల మీద తెరిచిపెట్టి, ఎప్పటి అలవాటుగా అనేశాడు. "చేతులు కట్టు."

కాళింది చేతులు కట్టింది. పుస్తకం మీదికి వంగింది. బండ మీద బొటనవేలు కదలడం మొదలైంది.

"కాలు ఆడించకు" అన్నాడు.

కాలు ఆగింది. దాంతో పిల్లంతా ఆగిపోయింది. నేను కూర్చున్నచోట నిలవలేకపోయాను, నా చేతులు నేనే నలుపుకుంటున్నాను. వెనకనించి ఎవడో, "ధ్రుపదా, నీ కూతురు పుస్తకం వాసన చూస్తోందే" అన్నాడు. నవ్వులు. తంబోళీ బాయి లేచి, ఆ పిల్ల చేయి విప్పనివ్వండి గురూజీ, ఆ వేలు దానికి కళ్ళజోడు లాంటిది అంటోంది. నేను అప్పటికే బల్ల దగ్గర ఉన్నాను. గురూజీని ఏమేమి అన్నానో ఊరంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. అరిచాను, బల్ల గుద్దాను. ఆ గోలలో కాళింది చేతులు కట్టుకునే చావడి మెట్లు దిగి పరిగెత్తింది. నేను గెలిచాననుకుని తిరిగి చూసేసరికి పిల్ల లేదు, ధ్రుపదా లేదు.

ఇంటికొచ్చేసరికి కాళింది గౌను, దుప్పటి, గిన్నె మూటలో ఉన్నాయి.

తెల్లవారి లారీ వచ్చింది. మంచాలు, పొయ్యి ఇనుములు, కోళ్ళు, మేకపిల్ల, అన్నీ ఎక్కుతున్నాయి. ముకద్దం హారన్ కొట్టిస్తున్నాడు. నేను వాకిట్లోంచి లారీకి, లారీ నించి వాకిట్లోకి తిరుగుతూ వాదిస్తూనే ఉన్నాను. దానికి చదవడం వచ్చు ధ్రుపదా, చేతులు కట్టేశాడు కాబట్టి రాలేదు, బాయిని అడుగు. ధ్రుపద మూటకి ముడి వేస్తూ విన్నది. తర్వాత లేచి నిలబడింది.

"నువ్వు చెప్తే నమ్మాలి. బాయి చెప్తే నమ్మాలి. గురూజీ చెప్తే నమ్మాలి. నాకు చదువు రాదు కాబట్టి దారినపోయే ప్రతివాణ్ణీ నమ్మాలి. నిన్న చావడిలో ఆ పిల్లలు చదవలేదు అక్కా, అప్పజెప్పారు. ఆ మాత్రం నాకు తెలుసు. ఇది చదువుతుందని నాకు ఎలా తెలుస్తుంది, చెప్పు."

ఇన్ని మీటింగుల్లో ఎవరూ నన్నది అడగలేదు.

ధ్రుపద ఎడమ జాకెట్టు చెయ్యి మోచేతి పైకి లాగి ముందుకు చాపింది. అక్కడ పచ్చబొట్టు ఉంది, ఒక పేరు. జాతరలో చిన్నప్పుడు పొడిపించుకున్నది, పాలిపోయి, చెరకాకు కోసిన గీతల మధ్య సగం కలిసిపోయింది. వాళ్ళమ్మ పేరు అని పెళ్ళయి వచ్చినప్పట్నించీ మా అందరికీ చెప్పింది. యమున. ప్రతి గాటుతో సహా నాకు ఆ చెయ్యి తెలుసు, కానీ ఆ అక్షరాలు నేనెప్పుడూ పట్టి చూడలేదు. పేరు తెలిసినదాన్ని ఎవరు చదువుతారు?

"ఇది చదువు" అంది, మూట పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ కూతురితో.

హారన్ మళ్ళీ మోగింది. కాళింది తల్లి చెయ్యి పట్టుకుంది. కట్టుకున్న చేతులు విడివడ్డాయి. నాకు ఆగలేదు. వంగి దాని చెవిలో అన్నాను, "అమ్మమ్మ పేరే, యమున అని చెప్పేయ్."

పిల్ల తల అడ్డంగా ఊపింది. "ఇక్కడ అది లేదు పెద్దమ్మా."

కాళింది చూపుడువేలు పచ్చబొట్టు మొదట్లో పెట్టింది. దుమ్ములో కుడి పాదం కదిలింది. గీత వెంట వేలు, వేలి వెంట పెదవులు. ఒకచోట చర్మం కాయ కాసి అక్షరం కనపడటం లేదు. అక్కడ వేలు ఆగింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ పోయింది. పాదం మట్టిలో అదే మలుపు తిరిగింది. మా మరిది లారీ మీదనించి తిడుతున్నాడు. ముకద్దం దిగి వస్తున్నాడు.

"కౌసల్య" అంది కాళింది. మళ్ళీ మొదట్నించీ వేలు నడిపించి, "కౌసల్యే" అంది.

ధ్రుపద చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఎవరే ఈ కౌసల్య అని నేనడిగాను. ఆమె నాకు కాదు, కూతురికి చెప్పింది. బళ్ళో పక్కన కూర్చునే పిల్ల. జాతరలో ఒకరి పేరు ఒకరు పొడిపించుకున్నారు. ఆ దసరాకి తను లారీ ఎక్కింది, కౌసల్య బళ్ళో ఉండిపోయింది. ఆ తర్వాత కలవలేదు. అత్తింట్లో ఆ కథంతా ఎందుకులే అని అమ్మ పేరని చెప్పింది.

"దాని చేతిమీద నా పేరుంది" అంది ధ్రుపద. "అది చదువుకోగలదు."

ముకద్దం వచ్చేశాడు. ఏమ్మా సంత పెట్టారా, అక్కడ చక్కెర ఫ్యాక్టరీ ఆగుతుందా అన్నాడు. ధ్రుపద మూట లారీలోకి కాదు, నా కాళ్ళ దగ్గరికి తోసింది. నేను ఏదో గొప్ప మాట అనబోయాను. అనేలోగా చంకలోంచి సోన్యాని తీసి నా చంకలో పెట్టింది.

"వీణ్ణి అక్కడ ఎవరు చూస్తారనుకున్నావు? పిల్ల బడికి పోతే వీడూ నీకే. మీటింగులు, మోర్చాలు, ఆఫీసు ముందు కూర్చోవడాలు, అన్నీ మేం తిరిగొచ్చాక. రాత్రి వీడికి పాలల్లో రొట్టె తడిపి పెట్టు, పొడిగా తినడు."

అని చక్రం మీద కాలుపెట్టి ఎక్కేసింది. వెనక్కి తిరగలేదు. వాడు గుక్కపెట్టి ఏడ్చాడు. లారీ మలుపు తిరిగేదాకా ఆమె ఎడమ చెయ్యి కడ్డీ పట్టుకుని కనిపించింది. జాకెట్టు చెయ్యి ఇంకా కిందికి లాక్కోలేదు.

తాలూకా ఆఫీసు ముందు ఆ వారం మా బైఠాయింపు ఉంది. నేను పోలేదు. ఎడమ చంకలో సోన్యా, కుడి చేతిలో కాళింది సంచి, రోజూ బడి దాకా నడుస్తున్నాను. వాణ్ణి దింపితే బూడిద అక్షరాల మీద కూర్చుని చెరిపేస్తాడు. కాళింది తిట్టి మళ్ళీ గీస్తుంది. గురూజీ కిటికీలోంచి చూస్తాడు, నేను ఆయన్ని చూస్తాను. ఆ చావడి బల్ల సంగతి మా ఇద్దరి మధ్యా ఇంకా తేలలేదు. పిల్లాడు నిద్రపోతే తేల్చుకుందామని ఉంది. వాడు నిద్రపోడు. వీడి అరికాళ్ళలోనూ అవే నిప్పులు.