అను సేవ్ చేసిన ఆట

"టీవీ వెనక కొంచెం తుడిచెయ్యి అలేఖ్యా, బాక్స్ పెట్టాలి," అన్నాడు శ్రీహర్ష. శనివారం ఉదయం పదిన్నర. తడిగుడ్డ పట్టుకుని స్టాండ్ వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాను. దుమ్ములో చిక్కుపడ్డ వైర్లను ఒక్కొక్కటీ ఎత్తి తుడుస్తున్నాను.

ఆ బాక్స్ కొనాలా వద్దా అని మా ఇంట్లో నెల రోజులు చర్చ నడిచింది. చర్చంటే శ్రీహర్ష, ఫోన్‌లో అతని ఫ్రెండ్ అవినాష్. పీసీలో ఆడే ఆటల్ని హాల్లో పెద్ద టీవీ మీద ఆడించే నల్ల డబ్బా అది. "పైన ఆఫీస్ రూమ్‌లో పీసీ ఉంది కదరా, మళ్ళీ ఇదెందుకు?" అనేవాడు అవినాష్. "రోజంతా ఆ కుర్చీలోనే వర్క్ చేసి, మళ్ళీ అక్కడే కూర్చుని ఏం ఆడతాం? పాత గేమ్స్ అన్నీ ఇందులోకి వచ్చేస్తాయి, మళ్ళీ కొనక్కర్లేదు," అనేవాడు ఇతను. సోఫాలోంచి చూస్తే అక్షరాలు చిన్నగా ఉంటాయేమో, కొన్ని ఆటలు కంట్రోలర్‌తో నడవవేమో అని రివ్యూల మీద రివ్యూలు చూశాడు. నన్ను మాత్రం అడగలేదు. అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో మాది ఈ ఇల్లు. ఇందులో తలుపు వేసుకునే ఆఫీస్ గది అతనిది. నేను మందుల కంపెనీకి ప్రోగ్రాములు రాసేది డైనింగ్ టేబుల్ మీద, కుక్కర్ విజిల్ వచ్చిన ప్రతిసారీ మ్యూట్ నొక్కుకుంటూ.

పెళ్ళికి ముందు నాకూ ఒక పీసీ ఉండేది. కూకట్‌పల్లి ఫ్లాట్‌లో నేనూ, మా చెల్లెలు అనుష్కా వంతులేసుకుని ఆడేవాళ్ళం. పెళ్ళి కుదిరాక మా అత్తయ్య అన్నపూర్ణగారు దాన్ని చూసి, "ఇంక ఈ పిల్లచేష్టలు ఉండవులే," అని నవ్వారు. నేనూ నవ్వాను. దాన్ని అనుకి వదిలేసి అమెరికా వచ్చేశాను.

బాక్స్ పెట్టడం అయ్యాక, "నీకేదో పాత గేమింగ్ అకౌంట్ ఉందన్నావు కదా. లాగిన్ అవ్వు, టెస్ట్ చేద్దాం," అన్నాడు శ్రీహర్ష. అతనికి గుర్తుందని నాకు అప్పుడే తెలిసింది.

సోఫాలో అతని పక్కన కూర్చున్నాను. పాస్‌వర్డ్ నా వేళ్ళకే గుర్తుంది. ఆటలన్నీ, అప్పట్లో ఎక్కడ ఆపామో అక్కడికే సేవ్ అయ్యి, వరసగా వచ్చాయి. ఏటి ఒడ్డున ఇల్లు కట్టుకుని పొలం చేసుకునే ఆట ఒకటి అతను తెరిచాడు. రెండు పేర్లు కనిపించాయి. అక్క. అను. అను పేరు కింద పదకొండేళ్ళ నాటి ఆగస్టు తారీఖు. అది చెల్లెలు పోవడానికి సరిగ్గా నాలుగు రోజుల ముందు.

నేను ఇక్కడికొచ్చిన మూడో నెలలో దానికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్స్ పడిపోయాయని అమ్మ ఫోన్ చేసింది. "ఇప్పుడు వెళ్తే తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్‌లో ఇరుక్కుంటావు, రెండు రోజులు చూద్దాం," అన్నాడు శ్రీహర్ష. రెండో రోజే అంతా అయిపోయింది. "కొత్తగా కాపురానికెళ్ళావు, ఇంట్లో ఏడుపు పెట్టుకోకు తల్లీ, వాడు కంగారు పడతాడు," అన్నారు అత్తయ్య ఫోన్‌లో. స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడవడం నేర్చుకున్నాను. మా అమ్మాయి మృదుల పుట్టాక, పసిపిల్ల ఉన్న ఇంట్లో పోయినవాళ్ళ ఫోటో వద్దన్నారు ఆవిడే. తీసేశాను. ఆ తర్వాత దాని పేరు కూడా పలకడం మానేశాను. ఎవరూ వద్దనలేదు. ఎవరూ అడగనూ లేదు.

"ఆట సేవ్ చేసుకోవడానికి రెండే స్లాట్లు ఉన్నాయి," అంటున్నాడు శ్రీహర్ష. "ఈ రెండోది ఎవరూ వాడట్లేదుగా. దీనిమీద కొత్తది మొదలెడతా." పాత ఆట చెరిగిపోతుంది, సరేనా అని టీవీ అడుగుతోంది. అతని బొటనవేలు బటన్ మీద ఉంది.

"ఆగు," అన్నాను. కంట్రోలర్ అతని చేతిలోంచి లాక్కున్నాను. "అను"ని తెరిచాను.

ఆటలో సన్నగా వాన పడుతోంది. ఎర్ర స్కార్ఫ్ కట్టుకున్న అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. నేనేమీ నొక్కకపోయినా ఊపిరి తీస్తున్నట్టు దాని భుజాలు లేస్తున్నాయి, దిగుతున్నాయి. పదకొండేళ్ళుగా అలాగే నిలబడిందా? పెరట్లో గుమ్మడికాయలు పండి ఉన్నాయి. పక్కన చెక్కపలక. దగ్గరికి నడిపించాను. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు: అక్క వచ్చేదాకా కొయ్యొద్దు.

నా నోట్లోంచి వచ్చిన శబ్దం నాకే కొత్తగా వినిపించింది. కుళాయి చప్పుడు లేకుండా నా ఏడుపు నేనెప్పుడూ వినలేదు.

"అలేఖ్యా, ఏమైంది?" అన్నాడు శ్రీహర్ష. ఆర్నెల్లు ఉండడానికి వచ్చిన అత్తయ్య వంటింట్లోంచి వచ్చి టీవీ వైపు చూశారు. పేరు చదివారు. "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా, పిల్ల ముందు. లే, పన్నెండవుతోంది, అన్నం పెట్టాలి."

"నేను లేవను అత్తయ్యా," అన్నాను. "శ్రీహర్ష పెడతాడు."

అతను నన్ను చూశాడు, వాళ్ళమ్మని చూశాడు. లేచి వంటింట్లోకి వెళ్ళాడు.

మెట్ల మీద నుంచి అంతా చూస్తున్న మృదుల మెల్లగా దిగొచ్చింది. దానికి తొమ్మిదేళ్ళు. నా తడి మొహాన్ని, టీవీని మార్చి మార్చి చూసింది.

"అమ్మా, హూ ఈజ్ అను?"

"మీ పిన్ని. నా సొంత చెల్లెలు. నువ్వు పుట్టకముందే చనిపోయింది."

దానికి తెలిసిన ఆంటీలు ఈ ఊళ్ళో ముప్పై మంది ఉంటారు. వాళ్ళలో ఒక్కరూ మాకు చుట్టం కారు. సోఫా ఎక్కి నన్ను ఆనుకుని కూర్చుంది.

"సో, నాకు రియల్ ఆంటీ ఉందా?"

అత్తయ్య ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు.

"ఉంది," అన్నాను.