సగం కప్పు టీ

ఆసుపత్రి వాళ్లు నా తుంటి ఎముకకి మేకులు కొట్టి, "నయమైపోయింది" అన్నారు. సరే ఇంటికి పంపండి అంటే, "అంత నయం కాలేదు" అన్నారు. ఈ రెండు మాటల మధ్య ఇరుక్కున్నవాళ్ల కోసం ఒక భవనం కట్టారు. మేం దానికి పెట్టుకున్న పేరు మధ్య మజిలీ. ఆరు వారాల్లో నడక వచ్చినవాడు ఇంటికి, రానివాడు వృద్ధాశ్రమానికి.

ముప్పై రెండేళ్లు బస్సు నడిపినవాణ్ణి. ఇప్పుడు వాకర్ నడపడానికి నాకు శిక్షణ! మనవరాలి వయసు థెరపిస్టు "తాతగారూ, ముందు కుడికాలు" అంటే నోరు మూసుకుని కుడికాలే వేస్తాను. నేను ఇంటికి వెళ్లాలి మరి.

చివరి పరీక్ష ఇక్కడి వంటగదిలో. టీ కాచుకోగలిగినవాడు సొంతంగా బతకగలడని ఎవరో మహానుభావుడు తేల్చాడట. ఇంకో షరతు, ఇంట్లో చూసుకునే మనిషి ఉండాలి. మా ఆవిడ ఫోన్లో "నేను లేనూ? కంటికి రెప్పలా చూసుకుంటాను" అని ఖంగుమని చెప్పేసింది. ఫోన్లో గొంతు తప్ప ఇంకేం తెలియదు కాబట్టి గట్టెక్కాం.

థెరపిస్టు ఫారం పట్టుకుని నిలబడింది. నేను స్టవ్ వెలిగించాను. పాలు పొంగనివ్వలేదు, వాకర్ మీద చెయ్యి తియ్యలేదు. వడపోసి, గర్వంగా పక్కకి జరిగాను.

"రెండు కప్పులెందుకు తాతగారూ? ఒకటేగా చెయ్యమన్నాను."

నిజమే, రెండున్నాయి. తొమ్మిదేళ్ల అలవాటు, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మతిమరుపు అని రాసేస్తుందేమోనని గాభరాపడి, "రెండోది నీకేనమ్మా" అన్నాను.

"మరి సగమే పోశారేం?"

బ్రేకులు ఫెయిలైన రోజు కూడా ఇంత ఇరుకున పడలేదు.

"ఆవిడకి చేతులు వణుకుతాయమ్మా. నిండా పోస్తే మీద ఒలుకుతుంది."

"ఎవరికి? మిమ్మల్ని చూసుకునే ఆవిడకా?"

తలూపాను. ఆరు వారాల కష్టం బూడిదపాలు. ఇన్ని ఫారాల్లో నన్నెవరు చూసుకుంటారని అడిగారే గాని, నేనెవర్ని చూసుకుంటానని ఒక్కరూ అడగలేదు. నిజం చెప్తున్నాను, భయమేసింది.

"మరి ఇన్నాళ్లూ ఆవిణ్ణి ఎవరు చూస్తున్నారు?"

"పక్కింటావిడ. చాలా మంచిది. ప్రేమకొద్దీ కప్పు నిండా పోస్తుంది."

ఆ పిల్ల 'చూసుకునేవారు: భార్య' అన్నది కొట్టేసి, 'రోజూ నర్సు వెళ్లాలి, ఇద్దరికీ' అని రాసింది. సగం కప్పు టీ తాగి, "శుక్రవారం వెళ్లండి" అంది.

శుక్రవారం మా వంటగదిలో మళ్లీ రెండు కప్పులు పెట్టాను. ఆవిడ తన కప్పు కోసం చెయ్యి చాపింది. ముంజేతి మీద మూడు కాలిన మచ్చలు. రోజూ ఫోన్లో "నాకేం, బాగానే ఉన్నాను" అన్నది ఈ మనిషే.